ఎవన్‌స్టన్ నుంచి ఆల్బనీ పార్కుకు

షికాగో వెళ్లినవాళ్లందరూ చూసే సరస్సు తీరాన్నీ, ఆకాశాన్నంటే మేడలనూ నేనూ చూశాను గాని, వాటి గురించి కొత్తగా చెప్పవలసింది నా దగ్గర లేదు. నా చేత ఇది రాయిస్తున్నది ఎవన్‌స్టన్ నుంచి ఆల్బనీ పార్కు దాకా చేసిన లోకల్ రైలు ప్రయాణం. ఎవన్‌స్టన్‌లోని నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో ప్రదర్శన కళల అధ్యయనాన్ని బోధించిన డ్వైట్ కాంకర్‌గుడ్ 1987 డిసెంబరులో ఆల్బనీ పార్కులోని ఒక శిథిలమైన అద్దె భవనానికి మకాం మార్చారు. 2004 నవంబరులో క్యాన్సర్‌తో కన్నుమూశారు. ఆయనను నేను ఎన్నడూ చూడలేదు. రంగస్థల శాఖలో చదువుకునే రోజుల్లో మా మాస్టారు జిరాక్సు తీయించి పంచిన 1985 నాటి వ్యాసం ద్వారానే ఆయన నాకు గురువయ్యారు.

పరాయివాళ్ల జీవితాన్ని రంగస్థలం మీదికి తెచ్చేవారికి నాలుగు గోతులున్నాయని ఆ వ్యాసం హెచ్చరిస్తుంది. వాళ్ల కథలను సరుకులా దోచుకోవడం ఒకటి. అందరమూ ఒకటేనని తేలికగా మురిసిపోవడం మరొకటి. వాళ్లను వింత వస్తువుల్లా ప్రదర్శనకు పెట్టడం మూడవది. వాళ్లు వేరు, మనం వేరు అనుకుని అసలు దగ్గరికే పోకపోవడం నాలుగవది. అన్నిటిలోకీ హీనమైనది నాలుగవదేనని ఆయన తీర్పు. జానపద కళాకారులను వేదిక మీద కాసేపు నిలబెట్టి, శాలువా కప్పి పంపించే సభలు చూస్తూ పెరిగిన నాకు మూడవది సూటిగా తగిలింది.

విశ్వవిద్యాలయం దగ్గర గదుల అద్దెలు అందుకోలేనంతగా ఉండడంతో ఊరికి దూరంగా దిగి, పొద్దున్నే అక్కడికి చేరుకున్నాను. వక్తృత్వ విద్య కోసం 1895లో కట్టిన యానీ మే స్విఫ్ట్ హాలును బయటి నుంచి చూసి, స్టేషనుకు నడిచాను.

ఆల్బనీ పార్కుకు నేరుగా వెళ్లే రైలు లేదు. పర్పుల్ లైన్‌లో హోవర్డ్ దాకా, అక్కడ మారి రెడ్ లైన్‌లో బెల్మాంట్ దాకా దక్షిణానికి దిగి, మళ్లీ బ్రౌన్ లైన్ ఎక్కి వాయవ్యానికి రావాలి. చలిగాలిలో ప్లాట్‌ఫారం మీద నిలబడి ఈ చుట్టుదారిని విసుక్కుంటున్నప్పుడు, ఇంతకంటే కష్టమైన చోట కాంకర్‌గుడ్ కోరి ఉన్న బాన్ వినాయ్ నాకు గుర్తుకొచ్చింది.

అది లావోస్ నుంచి తప్పించుకొచ్చిన హ్మాంగ్ ప్రజలు తలదాచుకున్న థాయ్‌లాండ్ శరణార్థి శిబిరం. 1985లో అక్కడ పనిచేసిన కాంకర్‌గుడ్, విదేశీ సిబ్బందిలా బయట బస చేయక, శిబిరంలోనే ఒక పూరి గుడిసె మూలలో కోళ్లతో, పందితో పాటు ఉన్నారు. కుక్కలకు రేబిస్ సోకి వైద్యులు టీకాలు వేస్తామంటే ఒక్కరూ కుక్కను తీసుకురాలేదు. అప్పుడాయన హ్మాంగ్ కథల్లోని పులి, కోడి, కుక్క వేషాలతో పాటలూ డప్పులూ కలిపి ఊరేగింపు తీయించారు. మర్నాడు టీకాల కేంద్రాల దగ్గర జనాన్ని తట్టుకోవడం సిబ్బంది వల్ల కాలేదు. ఆయనకు డెంగీ వచ్చినప్పుడు, ఆత్మ ఇంటి మీద బెంగతో షికాగోకు వెళ్లిపోయిందని చెప్పి, దాన్ని వెనక్కి పిలవడానికి అక్కడి షామన్, అంటే ఆత్మలతో మాట్లాడి వైద్యం చేసేవాడు, రెండు కోళ్లను బలి ఇచ్చాడు. కాంకర్‌గుడ్ ఆస్పత్రి మందూ తీసుకున్నారు, ఆ వైద్యాన్నీ గౌరవించారు.

నెల్లూరు జిల్లా అక్షరాస్యతా ఉద్యమంలో కళాజాతాలు ఊరూరా తిరిగిన సంగతి, ఆ వెంటనే 1992లో దూబగుంట స్త్రీలు సారాకు ఎదురు నిలిచిన సంగతి మనకు తెలుసు. ఆటా పాటా ఎంత పని చేయగలవో అక్కడ చూసినవాళ్లకు కాంకర్‌గుడ్ చేసింది కొత్తగా తోచదు. అయినా ఒక ఆచార్యుడు తాను రాస్తున్న మనుషుల మధ్యనే అద్దెకు ఉండడం మన విశ్వవిద్యాలయాల్లో నేను ఎరగను.

వెస్టర్న్ స్టేషను దాటాక బ్రౌన్ లైన్ వంతెన దిగి నేల మీదికి వస్తుంది. ఇళ్ల పెరళ్లను ఆనుకుని, గేట్లు దాటుకుంటూ కింబల్‌లో ఆగిపోతుంది. లారెన్స్ అవెన్యూలో కొరియన్, స్పానిష్, అరబిక్ బోర్డులు పక్కపక్కనే ఉన్నాయి. ఇక్కడే 'బిగ్ రెడ్' అని పిలుచుకునే భవనంలో ఆయన 20 నెలలు గడిపారు. కారే పైపులనూ, పగిలిన కిటికీలనూ ఇరుగుపొరుగు కలిసి ఎలా నెట్టుకొచ్చేవారో రాశారు. వీధి ముఠా కుర్రాళ్ల గోడరాతలను ఒక భాషగా చదివారు. చివరికి అందరితో పాటు ఆయనా ఇల్లు ఖాళీ చేయవలసి వచ్చింది.

ఫోటోలు తీయబుద్ధి కాలేదు. కాఫీ తాగడానికి కూర్చుంటే, పక్క బల్ల దగ్గరి పెద్దావిడ ఏం చూడడానికి వచ్చారని అడిగారు. ఇక్కడ ఉండి వెళ్లిన ఒక ప్రొఫెసరు గురించి చెప్పాను. ఆవిడ అంతా విని, "అద్దె అందరిలాగే కట్టేవాడా?" అన్నారు. కాంకర్‌గుడే ఉండి సమాధానం చెప్పదగ్గ ప్రశ్నలా అనిపించింది. కట్టేవారన్నాను. అప్పుడావిడ కుర్చీ ఇటు జరుపుకుని, తన ఇంటి అద్దె ఎలా పెరుగుతూ వచ్చిందో, హీటరు బాగు చేయించుకోవడానికి నాలుగిళ్ల వాళ్లు కలిసి యజమాని దగ్గరికి ఎలా వెళ్లారో చెప్పడం మొదలుపెట్టారు. నేను అడుగుతూ పోయాను, ఆవిడ చెబుతూ పోయారు. తర్వాత మా ఊళ్లో అద్దెలు ఎలా ఉంటాయని ఆవిడ అడిగితే, చెప్పడం నా వంతయింది.