ఫోనా, జీపీఎస్సా: కొండదారిలో తేలిన లెక్క

నా హ్యాండిల్‌బార్ మీద ఫోను, మిత్రుడి బండి మీద బైకుల కోసమే చేసిన జీపీఎస్. మైదానంలో ఉన్నంతసేపూ పైచేయి నాదే. ముందెక్కడో ట్రాఫిక్ ఆగిపోతే ఫోను పసిగట్టి పక్కదారి పట్టించింది. పెట్రోలు బంకు కావాలంటే నోటితో అడిగితే చాలు. అతనేమో ఊరి పేరు ఒక్కో అక్షరమే నొక్కుకుంటూ నిలబడేవాడు.

ఎండ నడినెత్తికొచ్చాక కథ మారింది. ముందు స్క్రీన్ మసకబారింది, తర్వాత ఛార్జింగ్ ఆగింది, చివరికి వేడెక్కానన్న హెచ్చరిక తప్ప ఏమీ కనబడలేదు. పాపం, ఫోన్‌ని అనడానికేం లేదు. ఐఫోన్‌నే తీసుకుంటే, 35 డిగ్రీల లోపు వేడిలోనే వాడమని ఆపిల్ చెబుతుంది. నెత్తిన ఎండ, ఫుల్ బ్రైట్‌నెస్, ఛార్జింగ్, జీపీఎస్ అన్నీ ఒక్కసారే అంటే ఏ ఫోనైనా ఎంతసేపు ఓర్చుకుంటుంది? నీడలో ఆపి, కవరు తీసి కాసేపు గాలి తగలనిచ్చాక మళ్లీ దారిలో పడింది.

ఘాట్ మొదలవగానే సిగ్నల్ పోయింది. దాంతో జీపీఎస్ కూడా పోతుందని చాలామంది టెన్షన్ పడతారు. కానీ దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే జీపీఎస్ ఉపగ్రహాలకు మన టవర్లతో పనిలేదు. మ్యాపు ముందే డౌన్‌లోడ్ చేసి ఉంచుకున్నాను కాబట్టి దారి కనిపిస్తూనే ఉంది. చిక్కు వేరేచోట వచ్చింది. ఇద్దరం ఒకే జీపీఎక్స్ ఫైలు (వెళ్లాల్సిన దారిని దాచుకునే ఫైలు) వేసుకున్నా, ఒక కూడలిలో రెండూ చెరో దారి చూపించాయి. మాది రూటు ఫైలు, అందులో ఉండేవి కొన్ని పాయింట్లే. వాటి మధ్య దారిని ఎవరి మ్యాపుతో వాళ్లు లెక్కగట్టుకుంటారు. నడిచిన దారంతా చుక్కచుక్కగా ఉండే ట్రాక్ ఫైలైతే ఈ గొడవ ఉండదు.

ఇక వాన. చినుకు పడ్డచోటల్లా వేలు తగిలిందనుకుని మ్యాపు దానంతటదే జరిగిపోయేది. గ్లోవ్ తీసి తుడిస్తే మరో చినుకు. పైగా ఛార్జింగ్ పోర్టులో తేమ ఉందని మరో హెచ్చరిక. మిత్రుడు మాత్రం గ్లోవ్స్‌తోనే నొక్కుకుంటూ పోయాడు. అతని పరికరానిది ఐపీఎక్స్7 రేటింగ్, అంటే మీటరు లోతు నీళ్లలో అరగంట ఉన్నా చెడకూడదు.

వీటన్నిటికన్నా నన్ను ఆలోచనలో పడేసింది ఇంజిన్ అదురు. శక్తిమంతమైన బైకుల హ్యాండిల్‌కి నేరుగా బిగిస్తే కెమెరాలో బొమ్మ అదరకుండా చూసే స్టెబిలైజేషన్, ఆటోఫోకస్ దెబ్బతినవచ్చని ఆపిల్ 2021లోనే హెచ్చరించింది. అదురు తగ్గించే మౌంట్ కొంత ఆదుకుంటుంది. అయినా బండి పడితే సాయం కోసం ఫోన్ చేయాల్సింది ఆ ఫోన్‌తోనే కదా, దాన్నే అన్నిటికన్నా ముందు దెబ్బ తగిలేచోట పెట్టడమేమిటి?

అందుకే తిరుగు ప్రయాణంలో ఫోను జాకెట్ లోపలి జేబులోకి చేరింది, దారి చెప్పడం హెల్మెట్ ఇయర్‌ఫోన్ వంతైంది. వరసగా రోజుల తరబడి ఎండావానల్లో తిరిగేవాళ్లను ఆ జీపీఎస్ కొనుక్కోమనే అంటాను. నాకు మాత్రం పనికిరాదని పక్కన పడేసిన పాత ఫోనులో మ్యాపులు నింపి హ్యాండిల్‌కి తగిలిస్తే చాలనిపిస్తోంది. అది ఇంకా త్వరగా వేడెక్కుతుందని మిత్రుడి వాదన. ఎక్కితే ఎక్కనీ, జేబులో ఇంకోటి ఉంటుందిగా.