రివ్యూయర్ అడిగిన తొమ్మిది నెలలు

నిన్న రాత్రి జర్నల్ నుంచి వచ్చిన ఉత్తరాన్ని ఈ ఉదయం ఎలుకల గదికి వెళ్లే ముందు మళ్లీ చదివాను. మా పేపర్‌ను ప్రచురణకు ముందు పరిశీలించిన ముగ్గురు రివ్యూయర్లలో ఇద్దరు అడిగినవి చిన్న సవరణలే. ఒక బొమ్మకు స్కేలు గీత పెట్టాలి, ఒక గణాంక పరీక్షను ఎందుకు ఎంచుకున్నామో చెప్పాలి, చర్చ భాగంలో కాస్త దూకుడు తగ్గించాలి. మూడో రివ్యూయర్ మాత్రం, మేము చెబుతున్న రెండు జన్యువులూ ఒకే దారిలో పనిచేస్తాయని ఒప్పుకోవాలంటే ఆ రెండూ లేని ఎలుకల్లో, అదీ వాటికి ఆరు నెలల వయసు వచ్చాక, అదే ప్రయోగం చేసి చూపమన్నారు. ఆ కోరికలో అన్యాయమేమీ లేదు. ఆ కుర్చీలో నేనున్నా బహుశా అదే అడిగేదాన్ని. చిక్కల్లా ఏమిటంటే సంపాదకులు ఇచ్చిన గడువు మూడు నెలలు, పోస్ట్‌డాక్‌గా, అంటే పీహెచ్‌డీ తర్వాతి తాత్కాలిక పరిశోధకురాలిగా, నా ఒప్పందంలో మిగిలింది ఏడు నెలలు, రివ్యూయర్ అడిగిన ఎలుకలు ఇంకా పుట్టనే లేదు.

ఈ లెక్క మా రంగంలో ఎవరినడిగినా నిద్రలో లేపినా చెబుతారు. ఎలుక చూలు మోసేది 19 నుంచి 21 రోజులు. పుట్టిన పిల్ల జతకట్టే వయసుకు రావడానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు. మొదటి జన్యువు లేని వంశం ఒకటి, రెండో జన్యువు లేని వంశం ఒకటి మా దగ్గర విడివిడిగా ఉన్నాయి. వాటిని కలిపితే మొదటి తరంలో పుట్టేవన్నీ ఒక్కో జన్యువుకు ఒక మంచి ప్రతి, ఒక పాడైన ప్రతి ఉన్నవే అవుతాయి. వాటిని మళ్లీ తమలో తాము జతపరిస్తే, ఆ రెండు జన్యువులూ వేర్వేరు క్రోమోజోముల మీద ఉన్నాయి కాబట్టి, సగటున పదహారు పిల్లల్లో ఒక్కటే మాకు కావలసినది. ఆ ఒక్కదానికి ఆరు నెలలు నిండేసరికి, ఈ రోజే జతలు వేసినా, ఎక్కడా ఏ ఈతా తప్పిపోకపోయినా, తొమ్మిది నెలలు దాటుతాయి. ఆ తర్వాతే ప్రయోగం మొదలు.

కాలంతో పాటు సంఖ్య కూడా ఉంది. గుంపుకు పన్నెండు ఎలుకలు కావాలంటే దాదాపు 190 పిల్లలు పుట్టాలి, వాటిలో అధిక భాగం ఏ ప్రయోగానికీ పనికిరావు. మరో తరం ఆగగలిగితే ఈ వృథా బాగా తగ్గుతుంది: మొదటి తరం పిల్లను తిరిగి ఒక మూల వంశంతో కలిపి, ఒక జన్యువు పూర్తిగా లేనివీ రెండోది సగం ఉన్నవీ అయిన ఎలుకలను ముందు ఏరుకుంటే, వాటి సంతానంలో పదహారుకు ఒకటి కాస్తా నాలుగుకు ఒకటి అవుతుంది. అందుకు ఇంకో పది వారాలు పడుతుంది. జంతువులతో పనిచేసేవాళ్లు ప్రత్యామ్నాయాలు వెతకాలని, సంఖ్య తగ్గించాలని, బాధ తగ్గించాలని 1959లో రసెల్, బర్చ్ చెప్పిన మూడు సూత్రాలను ప్రతి అనుమతి పత్రంలోనూ మేము తప్పకుండా రాస్తాం. కానీ తొందరపడితే ఎక్కువ ప్రాణాలు పోతాయనీ, ఆ తొందర చాలాసార్లు ప్రశ్న నుంచి కాక ఒప్పందం గడువు నుంచే వస్తుందనీ ఆ పత్రంలో రాయడానికి గడి ఉండదు.

గదిలో ఈ ఉదయం నాకున్న పని వేరే జతలది. నిన్న సాయంత్రం కలిపిన ఆడ ఎలుకలను ఒక్కొక్కటిగా తోక మొదట్లో పట్టి ఎత్తి, జతకట్టిన ఆనవాలుగా మిగిలే గట్టిపడిన తెల్లని బిరడా ఉందేమో చూడాలి. దీన్ని ఉదయాన్నే చూడాలి, ఆలస్యమైతే అది ఊడిపోవచ్చు. బిరడా కనిపించిన రోజు మధ్యాహ్నానికి పిండం వయసును సగం రోజుగా లెక్కపెడతారు. ఆ లెక్కలో పదమూడున్నర రోజుల వయసున్న పిండాల నుంచి ఫైబ్రోబ్లాస్ట్‌లనే సంయోజక కణజాల కణాలు తీస్తారు. ఒక ఎలుకకు బిరడా ఉంది, పక్క దానికి లేదు, మూడోదాని విషయంలో నా పక్కనున్న సాంకేతిక సహాయకురాలు ఉందన్నారు, నేను లేదనుకున్నాను. ఆవిడ నాకంటే ఎక్కువ కాలంగా ఈ గదిలో పనిచేస్తున్నారు కాబట్టి కార్డు మీద ఆవిడ మాటే రాశాను. ఇంత నైపుణ్యం ఉన్న మనిషి పేరు చాలా పేపర్లలో రచయితల వరుసలో కాక చివర కృతజ్ఞతల్లో కనిపించడం నాకు ఎప్పుడూ సబబుగా తోచలేదు.

మధ్యాహ్నం, పేపర్లను చర్చించుకునే జర్నల్ క్లబ్‌లో ఒక విద్యార్థి రిచర్డ్ లెన్స్కీ బృందం ఈ.కోలై బ్యాక్టీరియాతో సాగించిన దీర్ఘకాలిక పరిణామ ప్రయోగం గురించి చెప్పాడు. 1988 ఫిబ్రవరి 24న పన్నెండు ఫ్లాస్కులతో మొదలైన పని అది. రోజూ ఒక్కో ఫ్లాస్కులోని ద్రవంలో నూరో వంతు తీసి కొత్త పోషక ద్రవంలో వేస్తారు, రోజుకు ఆరు తరాలకు పైగా గడుస్తాయి, ఐదు వందల తరాలకోసారి నమూనాలను గడ్డకట్టించి దాస్తారు. ఆక్సిజన్ ఉన్నప్పుడు మామూలుగా సిట్రేట్ అనే పదార్థాన్ని తినలేని ఈ బ్యాక్టీరియాలో ఒక్క ఫ్లాస్కులో మాత్రం ఆ సామర్థ్యం 2003లో, 31,000 తరాలు దాటాక బయటపడింది. విద్యార్థి దృష్టంతా ఆ మార్పుకు ముందు జరగవలసిన ఉత్పరివర్తనల మీద, అంటే జన్యు మార్పుల మీద ఉంది. నా దృష్టి తేదీల మీదికి పోయింది. మొదలుపెట్టిన పదిహేనేళ్లకు గాని కనిపించని ఫలితాన్ని ఏ పీహెచ్‌డీ గడువు గాని, ఏ గ్రాంటు కాలవ్యవధి గాని ఒక్కటిగా అందుకోలేదు. స్థిరమైన ఉద్యోగం ఉన్న ఒక మనిషి, గడువు తీరగానే చేతులు మారుతూ వచ్చిన విద్యార్థులు, పోస్ట్‌డాక్‌లు, సహాయకులు కలిస్తేనే అందింది. 2022లో ఆ ఫ్లాస్కులు జెఫ్రీ బారిక్ ల్యాబ్‌కు మారాయి. బ్యాక్టీరియాకు యజమాని మారిన సంగతి తెలియదు, రోజూ ఎవరో ఒకరు వచ్చి ద్రవం మారిస్తే చాలు.

క్లబ్ అయ్యాక, థీసిస్ రాస్తున్న మా విద్యార్థిని పోస్ట్‌డాక్ కోసం రెండు ల్యాబ్‌లలో ఏది ఎంచుకోవాలో అడిగింది. ఒకటి పండు ఈగలతో పనిచేసే చోటు, రెండోది ఎలుకలతో. పెద్ద పేరున్నది రెండోదే. ఆమె నా నుంచి ఆశించింది ఆ ల్యాబ్ అధిపతి స్వభావం గురించిన కబురు. నేను అడిగింది ఒప్పందం ఎన్నేళ్లని. పండు ఈగకు 25 డిగ్రీల దగ్గర గుడ్డు నుంచి గుడ్డు పెట్టే ఈగ వరకు దాదాపు పది రోజులు, సీ. ఎలిగాన్స్ పురుగుకు మూడు నాలుగు రోజులు, ఎలుకకు పది వారాలు. రెండేళ్ల ఒప్పందంతో ఎలుకల్లో కొత్త వంశం తయారుచేయబోతున్నావంటే, ఫలితం వచ్చేసరికి నువ్వు మరో ఉద్యోగం కోసం దరఖాస్తులు రాస్తూ ఉంటావని చెప్పాను. ఇప్పటికే తయారైన వంశాలున్నాయో లేదో, ఉంటే వాటిలో ఏది నీకిస్తారో, వెళ్లేటప్పుడు ఆ పరిశోధన ప్రశ్నను నీ వెంట తీసుకెళ్లనిస్తారో లేదో ముందే రాతపూర్వకంగా అడగమన్నాను. ఈ చివరి మాట చాలామంది అడగడానికి మొహమాటపడతారు. సొంత ల్యాబ్ పెట్టాలంటే మాత్రం అదే అన్నిటికంటే ముఖ్యం.

ఆమె అప్పుడు, కోవిడ్ టీకాలకు దారి వేసిన ఎంఆర్‌ఎన్‌ఏ పరిశోధకురాలు కాటలిన్ కారికో సంగతి ఎత్తింది. పట్టువదలకుండా ఉంటే ఎప్పటికైనా ఫలితం ఉంటుంది కదా అన్నది ఆమె వాదన. 1995లో విశ్వవిద్యాలయం కింది స్థాయికి దించినా కారికో ఎంఆర్‌ఎన్‌ఏ పనిని వదల్లేదు, 2005లో డ్రూ వైస్‌మన్‌తో కలిసి కీలకమైన పేపర్ ప్రచురించారు, 2023లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది. ఇదంతా నిజమే, కారికో పట్ల నాకు గౌరవమూ ఉంది. అయినా ఈ కథను యువ పరిశోధకులకు ఓదార్పుగా చెప్పడం నాకు నచ్చదు, ఎందుకంటే గెలిచినవాళ్ల కథే వినిపిస్తుంది. జెల్లీచేపలోని ఆకుపచ్చ వెలుగు ప్రోటీన్ జన్యువు క్రమాన్ని 1992లో ప్రచురించిన డగ్లస్ ప్రాషర్‌కు ఆ పని కొనసాగించడానికి నిధులు దొరకలేదు. ఆయన ఆ జన్యువును అడిగిన ఇతరులకు పంపి తాను తప్పుకున్నారు. అదే ప్రోటీన్‌కు సంబంధించి 2008లో షిమోమురా, చాల్ఫీ, ట్సియెన్‌లకు నోబెల్ వచ్చినప్పుడు ఆయన ఒక కార్ల డీలర్ దగ్గర వ్యాన్ నడుపుతున్నారు. మా విద్యార్థిని రోజూ మైక్రోస్కోపు కింద చూసే ఆకుపచ్చ కణాలు ఆ జన్యువుతో వెలుగుతున్నవే. ప్రాషర్‌కు పట్టుదల తక్కువై కాదు, జీతం ఆగిపోయి పని ఆగింది. ఆమె కాసేపు ఏమీ అనలేదు, తర్వాత ఈగల ల్యాబ్ వాళ్లకు ఏమేం ప్రశ్నలు పంపాలో కాగితం మీద రాసుకుంది.

సాయంత్రం, ఏ ఎలుకలో ఏ జన్యు ప్రతులున్నాయో గీతలుగా చూపే జీనోటైపింగ్ జెల్ చూశాను. రావలసిన చోట రెండు గీతలు, ఒక గీత, మళ్లీ రెండు, అన్నీ శుభ్రంగా వచ్చాయి. తర్వాత ఒక అధ్యాపక ఉద్యోగానికి దరఖాస్తు నింపుతూ కూర్చున్నాను. జర్నల్ ఇంపాక్ట్ ఫ్యాక్టర్‌ను మనుషుల్ని తూచడానికి వాడొద్దని శాన్‌ఫ్రాన్సిస్కో ప్రకటన 2012 నుంచీ చెబుతూనే ఉన్నా, ఈ ఫారంలో ప్రతి పేపర్ పక్కనా దానికొక గడి ఉంది. ఒక జర్నల్‌లో గడిచిన రెండేళ్లలో వచ్చిన పేపర్లకు ఈ ఏడాది వచ్చిన ఉల్లేఖనల సగటు ఆ ఫ్యాక్టర్. ఒక ఎలుకల వంశం తయారు కావడానికే పట్టే కాలంలో ఒక పేపర్ విలువ తేలిపోవాలన్నమాట. గడి నింపాను, నింపక తప్పదు. ప్రీప్రింట్‌ను, అంటే ప్రచురణకు ముందటి ప్రతిని, బయోఆర్కైవ్ అనే వెబ్‌సైట్‌లో ముందే పెట్టి ఉండటం వల్ల ఈ పేపర్‌ను కనీసం జాబితాలో చూపించగలిగాను. ఆ వెబ్‌సైట్ మొదలైన 2013కి ముందు ఇదే దశలో ఉన్న జీవశాస్త్రవేత్తలకు ఈ వెసులుబాటు దాదాపు లేదు.

ఇక సంపాదకులకు జవాబు. మూడో రివ్యూయర్ ప్రశ్న సరైనదేనని మొదటి వాక్యంలోనే ఒప్పుకున్నాను. మొదటి జన్యువు లేని పిండాల నుంచి తీసే ఫైబ్రోబ్లాస్ట్‌లలో రెండో జన్యువును క్రిస్పర్ అనే జన్యువుల్ని కత్తిరించే పద్ధతితో తొలగించి, రెండూ లేని కణాల్లో ఆ మార్గాన్ని పరీక్షిస్తామని, దానికి మూడు నెలలు సరిపోతాయని రాశాను. ఈ ఉదయం చూసిన బిరడాలు అందుకు కూడా పనికొస్తాయి. వయసుతో వచ్చే మార్పు గురించి కణాలు ఏమీ చెప్పలేవని, కాబట్టి ఆ మార్పు గురించిన వాక్యాన్ని సారాంశం నుంచి తీసేసి, తేలని ప్రశ్నగా చర్చలో ఉంచుతామని కూడా రాశాను. మా అధిపతికి ఈ రెండోది అంతగా రుచించలేదు. సారాంశంలో ఆ వాక్యం ఉంటేనే పేపర్ ఇంత పెద్ద జర్నల్‌కు తగుతుందని ఆయన అభిప్రాయం, అది కాదనలేనిది కూడా. రేపు మళ్లీ మాట్లాడదామన్నారు.

రెండు వంశాలను కలిపే జతలకు మాత్రం ఆయన అభ్యంతరం చెప్పలేదు, అదీ పది వారాలు ఎక్కువ పట్టే, తక్కువ పిల్లలతో సరిపోయే పద్ధతిలో. పంజరాల కార్డుల మీద నా పేరుకు బదులు ప్రాజెక్టు పేరు రాయించాను. పిల్లలు ఎదిగేసరికి వాటిని చూసుకునే మనిషి మారుతుంది గనక, ఏ తరంలో దేన్ని ఉంచాలి, దేన్ని వద్దనుకోవాలి, జీనోటైపింగ్‌కు వాడే ఏ ప్రైమర్లకు, అంటే చిన్న డీఎన్‌ఏ ముక్కలకు, జెల్‌లో గీత ఎక్కడ రావాలి, మూడో రివ్యూయర్ సరిగ్గా ఏమి అడిగారు అన్నవి ఉమ్మడి రికార్డులో మొదటి పేజీ నుంచే రాయడం మొదలుపెట్టాను.