చీకట్లో వెలిగే స్లైమ్: ముందు తేల్చుకోవాల్సింది పొడి సంగతి

వెలిగే స్లైమ్, అంటే పిల్లలు ఆడుకునే సాగే జిగురు ముద్ద, అనగానే చాలామంది హైలైటర్ సిరాతోనో టానిక్ వాటర్ అనే చేదు సోడాతోనో చేసేస్తారు. తీరా లైటు ఆర్పితే ఏమీ కనబడదు, పిల్లల ముఖం చిన్నబోతుంది. ఆ సిరా, టానిక్ వాటర్‌లోని క్వినైన్ అతినీలలోహిత కాంతి పడినంతసేపే మెరుస్తాయి. కాంతి ఆగితే మెరుపూ ఆగిపోతుంది. ఇది ఫ్లోరసెన్స్. లైటు ఆర్పాక కూడా వెలగాలంటే ఫాస్ఫరసెన్స్ ఉన్న పొడి కావాలి. జింక్ సల్ఫైడ్ పొడి త్వరగా మసకబారుతుంది; యూరోపియం, డిస్ప్రోసియం కలిపిన స్ట్రాన్షియం అల్యూమినేట్ అయితే గంటల తరబడి వెలుగుతుంది. కొనేటప్పుడు నీటికి తట్టుకునే పూత ఉన్న రకమే తీసుకోండి. పూత లేని పొడి తడికి పాడై వెలుగు కోల్పోతుంది. గ్లో స్టిక్ కోసి అందులోని ద్రవం పోయడం మాత్రం వద్దే వద్దు, లోపల గాజు గొట్టం ఉంటుంది.

పారదర్శకంగా ఉండే పీవీఏ జిగురు (పిల్లల క్రాఫ్ట్ పనులకు వాడేది) 120 మిల్లీలీటర్లు, నీళ్లు 120 మిల్లీలీటర్లు కలపండి. తెల్ల జిగురుతోనూ స్లైమ్ వస్తుంది కానీ కాంతి లోపలికి పోదు, పైపొర మాత్రమే వెలుగుతుంది. ఇందులో 2 టేబుల్ స్పూన్ల పొడి వేసి ఉండలు లేకుండా కలపాలి. వేరే గిన్నెలో 240 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్లలో ఒక టీ స్పూన్ బోరాక్స్, అంటే వెలిగారం, పూర్తిగా కరిగించండి. పొడులు కొలిచే పని పెద్దవాళ్లదే. రెండూ ముక్కులోకి పోకూడదు. చేతులు నోట్లో పెట్టుకునే వయసు పిల్లలకు ఈ ప్రయోగం వద్దు.

వెలుగు పొడి బరువైనది, పలచటి జిగురులో అడుగుకు చేరుతుంది. అందుకే మరోసారి బాగా కలిపి, వెంటనే బోరాక్స్ నీళ్లు ఒక్కో చెంచా చొప్పున పోయండి. బోరాక్స్ నుంచి వచ్చే బోరేట్ అయాన్లు జిగురులోని పొడవాటి అణువుల గొలుసులను ఒకదానితో ఒకటి ముడివేస్తాయి, దాంతో ద్రవం ముద్దకడుతుంది. ఆ నీళ్లన్నీ పట్టవు. గిన్నె అంచులను వదిలితే ఆపేసి చేత్తో పిసకండి. మొదట్లో తడితడిగా, తీగలుగా ఉండటం మామూలే. చాలామంది ఇక్కడే తొందరపడి ఇంకాస్త పోస్తారు, స్లైమ్ సాగకుండా రబ్బరులా పుటుక్కున తెగిపోతుంది. కాసేపు పిసికాక కూడా చేతికి అంటుకుంటేనే మరో చెంచా పోయండి. ముదురు రంగులు కలపకండి, అవి వెలుగును మింగేస్తాయి.

సరిగా వెలగకపోతే పొడిని అనుమానించే ముందు దానిమీద ఏ కాంతి పడిందో చూడండి. ఎండ గానీ, అతినీలలోహిత టార్చి గానీ బాగా పనిచేస్తాయి (టార్చిని కళ్లలోకి కొట్టకూడదు). పసుపు బల్బుతో అంతగా ఫలితం ఉండదు. అసలు సైన్సు ఇక్కడే ఉంది. ముద్దను వెలుగు బాగా తగ్గేదాకా చీకట్లో ఉంచండి, రెండుగా చేసి ఒకదాని మీద ఎర్ర ఎల్ఈడీ, ఇంకోదాని మీద నీలి ఎల్ఈడీ వేయించండి. లైట్లు ఆర్పితే నీలి కాంతి పడిన ముద్దే వెలుగుతుంది. ఎర్ర కాంతి ఎంతసేపు పడినా ఒక్కో ఫోటాన్‌కు, అంటే కాంతి రేణువుకు, ఉన్న శక్తి చాలదని పిల్లలకు అప్పుడు చెప్పండి.

ఆట అయ్యాక చేతులు సబ్బుతో కడిగించి, స్లైమ్‌ను గాలి చొరని డబ్బాలో పెట్టండి. బట్టలకు అంటుకుంటే వెనిగర్ పోసి కాసేపు నాననివ్వండి. ఆమ్లం తగిలితే బోరేట్ ముడులు విడిపోయి అది మళ్లీ పలచటి జిగురవుతుంది, నీళ్లతో కడిగేయొచ్చు.