గోడలకు చెమట పట్టే నెల

మార్చిలో ఒక ఉదయం లేచేసరికి మా ఇంటి గోడలకు చెమట పట్టి ఉంది. మాటవరసకు అనడం లేదు. గచ్చు మీద కాలు పెడితే జారింది, అద్దంలో మొహం కనబడలేదు, బీరువాలో పట్టుచీర మడతలు బూజు వాసన కొట్టాయి. దక్షిణ చైనాలోని గ్వాంగ్‌జౌలో మాకు అది మొదటి ఏడాది. గాలి ఆడితే తడి ఆరుతుందని కిటికీలన్నీ బార్లా తెరిచాను. మధ్యాహ్నానికి గోడల మీద నీళ్లు ధారకట్టాయి.

పక్కింటి పెద్దావిడ వచ్చి చూసి, నన్ను ఒక్క మాట అనకుండా ముందు దక్షిణం వైపు కిటికీలు మూసేసింది. పాత పేపర్లు తెచ్చి గచ్చంతా పరిచింది. ఈ రోజులను అక్కడ 'హుయ్ నాన్ థ్యెన్' అంటారు. చలికి చల్లబడిన గోడలకు సముద్రం మీదుగా వచ్చే వెచ్చని తేమగాలి తగిలి నీరవుతుంది. చల్లటి నీళ్ల చెంబుకు బయట పట్టే బొట్ల లాంటివే, కాకపోతే ఇక్కడ చెంబు ఇల్లంత ఉంటుంది.

ఆ వారమే నా కుడి మోకాలు మళ్లీ పట్టేసింది. ఆవిడే వాళ్ల సంప్రదాయ వైద్యుడి దగ్గరకు తీసుకెళ్లింది. ఆయన మణికట్టు మీద మూడు వేళ్లు ఆనించి నాడి చూశాడు, నాలుక చాపమన్నాడు. తర్వాత అడిగినవి వింటే నవ్వొచ్చింది. ఎన్నో అంతస్తు? కిటికీలు ఎటువైపు? నొప్పి ఒకచోటే ఉందా, తిరుగుతోందా? పొడిచినట్టుందా, బరువుగా ఉందా?

రెండో అంతస్తు. ఒకచోటే. మోకాలికి ఇసుక మూట కట్టినట్టుంది.

"షి" అన్నాడు. అంటే తేమ.

వాళ్ల లెక్కలో బయటినుంచి వచ్చి జబ్బు చేసేవి ఆరు: గాలి, చలి, వేసవి వేడి, తేమ, పొడి, అగ్ని. ఇవి చెడ్డవేమీ కావు, రుతువులే. హద్దు మీరినా, కాలం కాని కాలంలో వచ్చినా, మనిషి నీరసించి ఉన్నా రోగమవుతాయి. గాలి వీటన్నిటికీ పెద్దన్న, మిగతావాటిని వెంటబెట్టుకొస్తుంది. అందుకే అక్కడి ముసలివాళ్లు మెడ వెనక భాగాన్ని అంత జాగ్రత్తగా కప్పుకుంటారు. కీళ్లనొప్పుల్లో గాలిది ఎక్కువైతే నొప్పి ఒకచోట నిలవదు, చలిదైతే తీవ్రంగా ఉంటుంది, తేమదైతే బరువుగా ఒకేచోట తిష్ఠవేస్తుంది. తేమ జిగురు లాంటిది, కిందికి దిగుతుంది, ఓ పట్టాన వదలదు. మా గచ్చును చూసిన నాకు ఇది వేరే చెప్పక్కరలేదు.

నమ్మానా? జబ్బుకు కారణంగా, లేదు. అనుమానం వాళ్లలోనూ కొత్తది కాదు. మింగ్ వంశం చివరి రోజుల్లో మహమ్మారి ఊళ్లను ఊడ్చేస్తుంటే వూ యోఖ అనే వైద్యుడు, ఇది చలీ కాదు వేడీ కాదు, నోటి ద్వారా ముక్కు ద్వారా లోపలికి చేరే వేరే దూషిత వాయువేదో ఉందని 1642లో పుస్తకమే రాశాడు. సూక్ష్మజీవులను ఎవరూ చూడని కాలం అది. నాకైతే ఆ ఆరింటి పట్టికకన్నా ఆయనే నచ్చాడు.

కానీ ఆ అంతస్తు ప్రశ్నను మాత్రం మరిచిపోలేను. అంతకుముందు మోకాలికి ముగ్గురు డాక్టర్లకు చూపించుకున్నాను. అందరూ నా బరువు అడిగారు, ఇల్లు ఎలా ఉంటుందని ఒక్కరూ అడగలేదు.

పెద్దావిడ ఎర్ర చిక్కుడు గింజలు ఉడికించిన నీళ్లు రోజూ గిన్నెడు పంపేది. వైద్యుడు చేదు కషాయం పొట్లాలు ఇచ్చాడు. తీపీ, చల్లనివీ తగ్గించమన్నాడు, పాలూ పెరుగూ బొత్తిగా మానమన్నాడు, అవి లోపల తేమ పెంచుతాయట. పెరుగు లేకుండా అన్నం ఎలా ముగిస్తారో ఆయనకు చెప్పేంత చైనీస్ నాకు రాదు.

మోకాలు ఏప్రిల్ చివరికి సర్దుకుంది. కషాయం వల్లో, గోడలు ఆరడం వల్లో తెలియదు. పెరుగు నాలుగో రోజుకే మళ్లీ మొదలుపెట్టాను, పెద్దావిడకు తెలియకుండా.