పోస్టింగులు, ఊళ్లో పిల్లలు, నీట్ పీజీ: నా రెండో ప్రయత్నం

2025 ఆగస్టు 19న నీట్ పీజీ (ఎంబీబీఎస్ అయ్యాక పీజీ సీటు కోసం రాసే పరీక్ష) ఫలితాలు వచ్చాయి. నా ర్యాంకు 9 వేల లోపే. పత్తి చేలో కలుపు తీస్తున్న అమ్మకు ఫోన్ చేస్తే "సీటొచ్చినట్టేనా బిడ్డా" అని మూడుసార్లు అడిగింది. అప్పటి నుంచి జూనియర్లది ఒకటే ప్రశ్న: "అక్కా, డ్యూటీలు చేస్తూ, ఊళ్లో పిల్లలకు చెప్తూ ఎట్లా చదివినవ్?" సిలబస్, పుస్తకాలు మీకు తెలిసినవే. వాటి జోలికి పోను.

మాది నల్గొండ జిల్లా మర్రిగూడ మండలం. ఇంటర్న్‌షిప్ మహబూబ్‌నగర్‌లో. నెలకు రెండు ఆదివారాలు జడ్చర్ల, కల్వకుర్తి, దేవరకొండ మీదుగా బస్సులు మారి ఊరికి వెళ్లేదాన్ని. ఎంబీబీఎస్ సీటు కోసం నీట్ రాసే పిల్లలకు బయాలజీ చెప్పడం, కౌన్సెలింగ్‌కు స్టడీ సర్టిఫికెట్లు ఏవేం కావాలో చూసిపెట్టడం, స్కూల్లో వంటకు ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు వద్దు, మిషన్ భగీరథ నల్లా నీళ్లే వాడండని పెద్దలను బతిమాలడం నా పని. ఆ ఫ్లోరైడ్‌తో మోకాళ్లు లోపలికి వంగిన మనుషులను చూస్తూ పెరిగినదాన్ని, ఆ పని మానుకోలేను.

2024లో పరీక్ష జూన్ 23న. ముందురోజే దిల్‌సుఖ్‌నగర్‌లో గది తీసుకున్నాను. హాల్ టికెట్ మీద ఫొటో అతికించి, అలారం పెట్టుకుని పడుకోబోతుంటే వాయిదా అని మెసేజ్. కొత్త తేదీ జూలై 5న గానీ తెలియలేదు. వాయిదా పడ్డ రోజు నుంచి ఆగస్టు 11న పరీక్ష దాకా చేతిలో 50 రోజులున్నాయి. ఆ 50 రోజులు సరిగ్గా వాడుకుంటే ఆ ఏడే సీటు వచ్చేది. నేనేమో పుకార్లు చదువుతూ, గ్రూపుల్లో టెన్షన్ పంచుకుంటూ కూర్చున్నాను. పరీక్షలో రెండో సెక్షన్ ముంచింది. 40 ప్రశ్నలకు 42 నిమిషాలని తెలిసి కూడా పేషెంట్ కేసుల మీద అడిగిన రెండు పొడుగు ప్రశ్నల దగ్గర ఆగిపోయాను. టైమ్ అయిపోయి సెక్షన్ మూసుకునేసరికి ఏడు ప్రశ్నలు కనీసం చదవలేదు. వెనక్కి వెళ్లే వీల్లేదాయె. ర్యాంకు 61 వేలు దాటింది.

"ఊళ్లు పట్టుకు తిరిగితే ర్యాంకులు వస్తాయా" అన్నారు చుట్టాలు. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. ఆ 50 రోజుల్లో నేను ఊరికి వెళ్లింది రెండంటే రెండు ఆదివారాలు. ఫోన్‌కు ఇచ్చింది రోజుకు నాలుగు గంటలు. ఏది నన్ను ముంచిందో లెక్క మీరే వేయండి. ఫోన్ వేరే గదిలో పెట్టలేని వాళ్లు పిల్లలను, పేషెంట్లను సాకుగా చూపించొద్దు.

అక్టోబర్‌లో ఒక గ్రాండ్ టెస్టులో (పూర్తి నమూనా పరీక్షలో) నల్గొండ టెక్నిక్ మీద ప్రశ్న వచ్చింది. నీళ్లలో ఫ్లోరైడ్ తగ్గించడానికి ఏవి, ఏ వరుసలో కలపాలి? నల్గొండ బిడ్డను, అదే తప్పు పెట్టాను. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆదివారం సున్నం, బ్లీచింగ్ పౌడర్, పటిక కొనుక్కుని స్కూలుకు వెళ్లాను. బకెట్లో బోరు నీళ్లు పోసి, వరుసగా కలిపి, పది నిమిషాలు తిప్పాం. గంటలో తెల్లటి మడ్డి అడుగుకు దిగింది, పైనున్న నీళ్లు తేరుకున్నాయి. ఒక పిల్ల వంగి చూస్తూ "అక్కా, ఫ్లోరైడ్ ఆ మడ్డిలకు పోయిందా?" అంది. జొన్నలు ఎక్కువ తినేవాళ్ల ఒంట్లో ఫ్లోరైడ్ ఎక్కువ నిలుస్తుందన్నది కూడా ఆ రోజే వాళ్లకు చెప్పాను. చదివినదాన్ని ఇంకొకరికి చెప్పగలనా అని చూసుకోవడం అక్కడ మొదలైంది.

మిగతాది త్వరగా చెప్తాను. ఇంటర్న్‌షిప్ అయ్యాక ఒక నర్సింగ్ హోంలో నైట్ డ్యూటీలు చేశాను. ఆప్రాన్ జేబులో చిన్న నోట్‌బుక్, చూసిన ప్రతి కేసుకు ఒక లైను, తెల్లారేలోపు ఆ టాపిక్‌లో 20 ప్రశ్నలు. పురుగుల మందు తాగినాయన వస్తే విరుగుడుగా అట్రోపిన్ ఇస్తూ కంటిపాప కాదు, ఛాతీలో గురగుర తగ్గిందా అన్నది చూడాలి. చేత్తో చేశాక అది మరిచిపోయే పని లేదు. జనవరి నుంచి వారానికో గ్రాండ్ టెస్టు, గడియారం పెట్టుకుని, సెక్షన్ల వారీగా. నిమిషంలో తేలని ప్రశ్నకు ఏదో ఒకటి పెట్టి ముందుకు పోయాను.

ఈసారి మా పిల్లల్లో ఇద్దరు ఎంబీబీఎస్ కౌన్సెలింగ్‌కు వెళ్తున్నారు. ఒకమ్మాయి తొమ్మిదో తరగతి స్టడీ సర్టిఫికెట్ ఇంకా దొరకలేదు. రేపు తనతో కలిసి ఆ స్కూలుకు వెళ్తున్నాను.