ముగ్గురు వాదులు, ఒకే వకాల్తా: నా అనుభవం

నాన్నగారి వాటా కోసం చిన్నాన్న మీద భాగపంపకాల దావా వేయాలనుకున్నప్పుడు అక్క, నేను, తమ్ముడు ముగ్గురం ఒకే లాయరు గారి దగ్గరికి వెళ్లాం. హక్కు ఒకే మూలం నుంచి వచ్చి, తేలవలసిన అంశాలు ఉమ్మడివైతే పలువురు కలిసి ఒకే దావా వేయడానికి 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్ మొదటి ఆర్డరు 1వ రూలు వీలు కల్పిస్తుంది. కలిసి దావా వేసినవారంతా ఒకే న్యాయవాదిని పెట్టుకోవాలని మాత్రం అందులో లేదు. ఆ తేడా అప్పట్లో మాకు తోచలేదు. అచ్చు వకాల్తా ఫారంలో రాజీకి కూడా లాయరుకు అధికారమిస్తున్నట్టు ఒక వాక్యం ఉందని అక్క వేలు పెట్టి చూపించబోతే, ‘మనలో మనకేముందక్కా, సంతకం పెట్టెయ్’ అన్నాడు తమ్ముడు.

ప్రాథమిక డిక్రీ, అంటే ఎవరి వాటా ఎంతో తేల్చే తీర్పు, వచ్చేవరకు ఆ ఏర్పాటు బాగానే నడిచింది. ఫీజు మూడు భాగాలైంది. క్రాస్ ఎగ్జామినేషన్‌లో ప్రతివాది లాయరు మా మధ్య సందు వెతికినా దొరకలేదు. వాయిదాలకు విసిగిన తమ్ముడు ఒకసారి దావా వదిలేద్దామన్నప్పుడు, మిగతా వాదుల సమ్మతి లేకుండా ఒక్కరు ఉపసంహరించుకోవడానికి కోర్టు అనుమతించదని లాయరు గారు అదే కోడ్‌లోని 23వ ఆర్డరు తీసి చూపించారు. ఆయన చెప్పింది సరైనదే. కానీ తన లాయరు నోటి నుంచి వచ్చిన ఆ మాట తమ్ముడికి మా ఇద్దరి తరఫు మాటలా వినిపించిందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది.

అమ్మ కూడా లేదు గనుక డిక్రీలో నాన్నగారి సగం వాటా ముగ్గురికీ తలా ఆరో వంతుగా వచ్చింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది. ఎవరికి ఎంత అన్నది తేలే దాకా మేము ఒక పక్షం. ఏ ముక్క ఎవరికి అన్న ప్రశ్న రాగానే మూడు పక్షాలం. కోర్టు కమిషనర్ కొలతలు వేయించిన రోజున రోడ్డు వైపు ముక్క నాకంటే నాకని అక్క, తమ్ముడు గట్టు మీదే వాదించుకున్నారు. ఆ వారంలోనే తమ్ముడు లాయరు గారికి ఫోన్ చేసి, చిన్నాన్నతో విడిగా మాట్లాడుకున్నానని, ఆ సంగతి మాకు చెప్పవద్దని అన్నాడట. ఫోన్ సంగతి బయటపెట్టకుండానే ఆయన ముగ్గురినీ పిలిపించి, ‘ఒకరి మాట మరొకరి దగ్గర దాచి ముగ్గురికీ పని చేయడం నా వల్ల కాదమ్మా’ అన్నారు.

మా ఇద్దరి తరఫునైనా కొనసాగమని బతిమాలాం. ఒకసారి ఒక పక్షానికి పని చేసిన న్యాయవాది అదే వ్యవహారంలో వారికి ఎదుటి పక్షాన నిలబడకూడదని బార్ కౌన్సిల్ నియమం ఉందని, తమ్ముడు ఇప్పుడు మాకు ఎదుటి పక్షమేనని ఆయన ఒప్పుకోలేదు. కేసు ఆనుపానులన్నీ తెలిసిన మనిషిని ముగ్గురమూ ఒకేసారి పోగొట్టుకున్నాం. ఆయన నిరభ్యంతరం రాసిచ్చాక, పాత వకాల్తా రద్దుకు కోర్టు అనుమతి తీసుకుని, కొత్తవారికి కట్టలకొద్దీ కాగితాలు మొదటి నుంచి వివరించవలసి వచ్చింది.

ఇంతా జరిగినా, డిక్రీ దాకా ఒకే లాయరును పెట్టుకోవడం తప్పని నేను అనుకోను. ఒకరికి రాజీ ఇష్టమై మరొకరికి కాకపోతే ఏం చేయాలి, మనలో మనకు తేడా వస్తే ఆయన ఎక్కడ ఆగిపోతారు అన్న రెండు సంగతులు మొదటి రోజే కాగితం మీద పెట్టించుకోకపోవడమే మా పొరపాటు. ఇప్పుడు అక్కకూ నాకూ మళ్లీ ఒకే లాయరు. ఈసారి ఆ రెండూ రాయించుకున్నాకే వకాల్తా ముందుకు జరిపారు. అక్క కళ్లజోడు పెట్టుకుని ఫారమంతా చదివి, లాయరు గారిని అడిగి రాజీ వాక్యాన్ని కొట్టేయించి, పక్కన పొట్టి సంతకం చేసి కలం నాకిచ్చింది.