ట్రయల్‌లో చేరాలా, వద్దా

నాకున్న అల్సరేటివ్ కొలైటిస్ అంటే పెద్దపేగులో పుండ్లు, నలుగురిలో చెప్పుకోలేని జబ్బు. రక్తం పడటం, ఎక్కడికెళ్లినా ముందు బాత్రూమ్ ఎక్కడుందో చూసుకోవడం, పెళ్లిళ్లలో మెతుకు ముట్టకుండా వచ్చేయడం. మెసలమిన్ బిళ్లలు కొన్నాళ్లు పనిచేసి తర్వాత చాలలేదు. స్టెరాయిడ్ వేసుకుంటే తగ్గేది, డోసు తగ్గించగానే మళ్లీ మొదలు. మొహం గుమ్మడికాయలా ఉబ్బింది. బయోలాజిక్ ఇంజెక్షన్ల ఖర్చు మా వల్ల కాదు.

అప్పుడే హైదరాబాద్‌లో మా డాక్టరుగారు, కొత్త మాత్ర ఒకటి మూడో దశ ట్రయల్‌లో, అంటే రోగుల మీద పరీక్షించే దశలో ఉంది, ఇష్టమైతే చేరొచ్చు అన్నారు. మందు, పరీక్షలు, దారి ఖర్చులు అన్నీ వాళ్లవే అనగానే ఆశ పుట్టింది. ఆయనే మళ్లీ, "ఇది మీకు వైద్యం అనుకుని చేరకండి, మందు పనిచేస్తుందో లేదో తేల్చడానికి సాయం చేస్తున్నారు, అంతే" అన్నారు. ఆ మాటతోనే ఆయన మీద గురి కుదిరింది.

అమ్మ ససేమిరా అంది. మాది ఖమ్మం. 2009లో భద్రాచలం వైపు హాస్టల్ ఆడపిల్లలకు పరిశోధనలో భాగంగా గర్భాశయ ముఖ క్యాన్సర్ టీకా వేయడం, కొందరు పిల్లలు చనిపోవడం, 2010లో దాన్ని ఆపేయడం ఆమెకు ఇంకా గుర్తే. విచారణలో ఆ చావులకు టీకాయే కారణమని తేలలేదు గానీ, తల్లిదండ్రుల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. "నీ ఒంటి మీద ప్రయోగాలేంట్రా, మనకేం ఖర్మ?" అంటే ఏం చెప్పను? ఇక్కడ సంతకం పెట్టాల్సింది నేనే కాబట్టి, కాగితాలన్నీ ఇంటికి తెచ్చి ఆమెకు చదివి వినిపించా.

ముగ్గురిలో ఒకరికి డమ్మీ మాత్ర, ఎవరికి ఏదో డాక్టరుకీ తెలీదు. ఎప్పుడైనా మానేయొచ్చు, కారణం చెప్పక్కర్లేదు. ట్రయల్ వల్ల ఏమైనా అయితే క్లినికల్ ట్రయల్స్ మీద 2019లో వచ్చిన ప్రభుత్వ రూల్స్ ప్రకారం ఉచిత వైద్యం, నష్టపరిహారం. మన దేశంలో ట్రయల్స్ నమోదు చేసే సీటీఆర్‌ఐ సైట్‌లో రిజిస్ట్రేషన్ నంబరు కొట్టి చూశా, ఉంది. నాకు నిద్ర పట్టనివ్వనిది మాత్రం ఒక్కటే: డమ్మీ నాకే పడి, రక్తం ఎక్కువైతే? కోఆర్డినేటర్ అమ్మాయి కాగితం మీద వేలు పెట్టి చూపించింది, జబ్బు ముదిరితే ట్రయల్ మాత్ర వేసే ఎనిమిది వారాలూ ఆగక్కర్లేదు, ఆపేసి మామూలు వైద్యం మొదలుపెడతారని. ఆదివారం రాత్రి అయితే ఎవరికి చెప్పాలి అన్నా. డ్యూటీ డాక్టరు నంబరు పెన్నుతో రాసిచ్చింది. అక్కడే నిలబడి రింగిచ్చా. ఎత్తారు. అప్పుడు సంతకం పెట్టా.

తీరా స్క్రీనింగ్ రక్తపరీక్షలో ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఉందని తేలింది. మన దేశంలో చాలామందికి ఉంటుందట, దగ్గూ జ్వరం ఏమీ ఉండవు. ఈ మాత్రేమో రోగనిరోధక శక్తిని అణిచేది, అందుకని నన్ను ట్రయల్‌లోకి తీసుకోలేదు. అంత టెన్షన్ పడి, ఇంట్లో అంత వాదించాక, వాళ్లే వద్దన్నారు! అమ్మ కొబ్బరికాయ కొట్టింది. నాకు మాత్రం ఉడుకుమోత్తనం వచ్చింది.

తర్వాత టీబీ పైకి లేవకుండా మందులు వాడించి, పేగు జబ్బుకు అజాథయోప్రిన్ అనే మాత్ర మొదలుపెట్టారు. అది పట్టుకోవడానికి నెలలు పడుతుంది, పైగా తెల్లకణాలు పడిపోతాయేమోనని మాటిమాటికీ రక్తపరీక్షలు. స్టెరాయిడ్ మెల్లగా మాన్పించారు. ఇప్పుడు రక్తం పడటం లేదు, ఖమ్మం బస్సు ధైర్యంగా ఎక్కుతున్నా. టీబీ కోర్సు అయిపోయింది కదా, ఇంకేదైనా ట్రయల్‌కి పనికొస్తానా అని మొన్న అడిగితే, "బాగున్నవాళ్లని తీసుకోరండీ" అని నవ్వారు డాక్టరుగారు.